పెరిగిన విలువలో పిల్లల వాటా

సిటీవెస్ట్‌లో ట్రాము దిగి, ఆఫీసు భవనాలు దాటి, కొత్త అపార్ట్‌మెంట్ల వైపు తిరిగితే మూలమీద పసిపిల్లల్ని పగలు చూసుకునే ఒక క్రెష్ కనిపిస్తుంది. పొద్దున్నపూట ఆ గేటు ముందు నిలబడి చూసినవాళ్ళకి ఇది ఐర్లండా, కాకినాడా అన్న అనుమానం రాకమానదు. చీరమీద మోకాళ్ళదాకా దిగిన కోట్లు, కూతుళ్ళు వాడి వదిలేసిన స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న అమ్మమ్మలు. చెవులు మూసే ఉన్ని టోపీలు పెట్టుకున్న తాతలు. ప్రతి పెద్ద చేతిలోనూ ఒక చిన్న చెయ్యి. ఫోటో తీసి బంధువులందరికీ పంపుకోవాలనిపించేంత ముచ్చటైన దృశ్యం.

అయితే వాళ్ళ మాటలు కాస్త చెవిన వేసుకుంటే ఆ ముచ్చట ఎంతోసేపు నిలవదు. అక్కడ కొత్త మనిషి కనిపిస్తే ‘ఏ ఊరండీ?’ అని ఎవరూ అడగరు. ‘మీకు ఎప్పటిదాకా ఉందండీ?’ అని అడుగుతారు. అడిగేది వీసా గురించి. చుట్టపు చూపుగా వచ్చే పెద్దవాళ్ళకి ఆ దేశం ఇచ్చేది మూడు నెలలు. అందుకని మన కుటుంబాలు ఒక పద్ధతి పెట్టుకున్నాయి. అమ్మాయి తల్లి విమానం ఎక్కే వారంలో అబ్బాయి తల్లి విమానం దిగుతుంది. ఆవిడ మూడు నెలలు అయ్యేసరికి మరొకరు. బీపీ మాత్రలు, మోకాళ్ళ పట్టీలు, ఆవకాయ సీసాలు సర్దుకుని ముసలి ప్రాణాలు వంతులవారీగా కాపలా కాస్తుంటాయి. దీనికి మనవాళ్ళు ప్రేమ అని పేరు పెట్టారు. ప్రేమ ఉన్న మాట నిజమే. కాని ఆ ప్రేమ ఏ గోతిని కప్పిపెడుతోందో ఆలోచించినవాళ్ళు తక్కువ.

పద్మనాభం గారు కూడా చాలాకాలం ఆలోచించలేదు. ఆయన పిఠాపురంలో ఎకనామిక్స్ లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. భార్య గిరిజాకుమారి పోయి రెండేళ్ళయింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈ వంతు ఆవిడదే. ఇప్పుడు మనవరాలు శ్రీలేఖ కోసం ఆయనే వచ్చారు. మూడేళ్ళ పిల్లకి జడ వెయ్యడం అరవై ఎనిమిదో ఏట నేర్చుకున్నారు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి. బస్సు డ్రైవరు, పిల్ల సీట్లో కూర్చునేదాకా బండి కదపకపోతే ఆయనకి ఆ రోజంతా బాగున్నట్టే. క్రెష్ నడిపే నూలా, వానలో తడిసిన పిల్లల చేతితొడుగులు వేడిగొట్టం మీద ఆరబెట్టి, ఇంటికెళ్ళే వేళకి వెచ్చగా తొడిగి పంపుతుంది. అది చూసిన రోజున ఆయన ఆవిడకి తనకు తెలియకుండానే చేతులెత్తి నమస్కారం పెట్టారు.

శ్రీలేఖ పొద్దున్న మూడు గంటలు మాత్రమే క్రెష్‌లో ఉంటుంది. మిగతా పొద్దంతా తాత దగ్గర. ఆయన జూన్ చివర వెళ్ళిపోయాక రోజంతా ఉంచుకుంటానని నూలా మాట ఇచ్చింది. ఆ మాట మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది.

మే నెలలో ఒక పొద్దున నూలా గేటు దగ్గరే ఆయన్ని పక్కకి పిలిచింది.

“మిస్టర్ పద్మా, జూన్ ఆఖరికి మూసేస్తున్నాం. ఈ బిల్డింగ్ అమ్మేశారు. కొన్నవాళ్ళు ఇక్కడ ఇంకేదో క్లినిక్ పెడతారట. పిల్లలు అక్కర్లేదు.”

ఎవరు అమ్మారని అడిగితే ఆవిడకి తెలియదు. అద్దె ఏజెంటు తీసుకునేవాడు, యజమాని మొహం ఎన్నడూ చూడలేదంది. అమ్ముతారని చలికాలం ముందే పుకారు వచ్చిందనీ, అప్పుడు తల్లిదండ్రుల మీటింగ్ పెట్టాననీ, అందరూ కలిసి అడిగితే కౌన్సిల్ ఏదైనా చోటు చూపిస్తుందేమోనని ఆశపడ్డాననీ చెప్పింది. తరవాత కొంచెం తటపటాయించి అన్నది: “మీవాళ్ళు ఒక్కరూ రాలేదు. మీ అందరికీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఉంటారు కదా. అవసరం లేదనుకున్నారేమో.”

ఆవిడ తప్పు పడుతూ అనలేదు. అందుకే ఆయనకి ఆ మాట మరీ గట్టిగా తగిలింది.

ఇంట్లో కూతురు మృదులకి చెప్పడానికి ఆయనకి వెంటనే నోరు రాలేదు. మృదుల పిల్లల డాక్టరు. నగరంలో ఒక ఆసుపత్రిలో జూనియరుగా పనిచేస్తోంది. స్పెషలిస్ట్ ట్రైనింగ్‌లో సీటు కోసం మూడుసార్లు ప్రయత్నించి ఈ ఏడాదే సాధించింది. జూలైలో చేరాలి. చేరతానని వచ్చే సోమవారంలోగా ఖాయం చెయ్యాలి. ఖాయం చెయ్యకపోతే ఆ సీటు ఆమె కోసం ఆగదు.

సాయంత్రం ఆయన చెప్పాక మృదుల ఏడవలేదు. ఫోను తీసుకుని వరసగా ఆ చుట్టుపక్కల క్రెష్‌లన్నిటికీ చేసింది. కొన్నిచోట్ల వచ్చే ఏడాదికి పేరు రాసుకుంటామన్నారు. ఒకచోట ఇంకా పుట్టని బిడ్డల పేర్లు కూడా వరసలో ఉన్నాయన్నారు. ఒకచోట గది ఖాళీగానే ఉందట, పని చేసే ఆయాలు లేరట. ఆ జీతానికి ఈ ఊళ్ళో అద్దె కట్టుకుని బతకలేక సూపర్‌మార్కెట్లలో చేరిపోయారట. మృదుల భర్త రేవంత్ తల్లికి వరంగల్‌లో పక్షవాతం వచ్చి మంచం మీద ఉంది. పద్మనాభం గారు తన వీసా పొడిగించమని అడిగి చూశారు. కుదరదన్నారు.

మూడు రోజులు ఇంట్లో ఆ ఒక్క మాటే నడిచింది. చివరికి అల్లుడు రేవంత్ మెల్లగా అన్నాడు: “ఒక్క సంవత్సరం ఆగితె ఏమైతది మృదులా? మల్ల రాయొచ్చు గద.”

“ఆగేది ఎప్పుడూ నేనేనా?” అంది మృదుల. గొంతు పెంచలేదు. “నీ జీతం ఎక్కువ కాబట్టి నేనాగాలి. నేనాగితే నీ జీతం ఇంకా ఎక్కువవుతుంది. మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ నేనే ఆగాలి. అంతేగా?”

రేవంత్ చెడ్డవాడు కాదు. అందరూ చేసేదే చేస్తాడు, అంతే. మాట మార్చడానికన్నట్టు మామగారితో ఆదివారం, అక్కడి తెలుగువాళ్ళకి పెద్దగా ఉండే రాజగోపాల్ గారి కొత్తింట్లో సత్యనారాయణ వ్రతం సంగతి ఎత్తాడు. ఆ మాటల్లోనే, రాజగోపాలన్న అందరి ఫోన్లకీ ఒక వినతిపత్రం పంపాడనీ, క్యాపిటల్ గెయిన్స్ టాక్స్ సగానికి తగ్గించమని ప్రభుత్వాన్ని అడుగుతున్నారనీ చెప్పాడు.

“అందరు సంతకం చేసిండ్రు మామయ్యా, నేను గూడ చేసిన.”

“మీకు అమ్మడానికి ఏముంది బాబూ?”

“గీ ఫ్లాటుంది గద. రేపు అమ్ముకుంటే లాభంల మూడో వంతు సర్కారే గుంజుకుంటదట.”

పద్మనాభం గారిని పాత అలవాటు ఊరుకోనివ్వలేదు. శనివారమంతా, పిల్ల నిద్రపోయినప్పుడల్లా, ఆ పన్ను గురించి ప్రభుత్వం పెట్టిన వివరాలు చదివారు. కొన్న ధర కంటే ఎక్కువకి ఆస్తినో షేర్లనో అమ్మితే, ఆ మిగులు మీద వేసే పన్ను అది. అందులో ఒకచోట ఆయన వేలు ఆగిపోయింది. అక్కడే చాలాసేపు ఉంది.

రాజగోపాల్ గారంటే సిటీవెస్ట్‌లో మనవాళ్ళకి గౌరవం. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి అద్దె ఇల్లు వెతికి పెడతాడు, ఎయిర్‌పోర్టుకి తన కారు తీసుకెళ్తాడు. ఆ ఆదివారం ఆయన కొత్తింట్లో హాలంతా జనం. కర్పూరం పొగకి పొగ అలారం మోగకుండా దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేశారు. కథ అయింది, ప్రసాదం పంచారు, పులిహోర, గారెలతో భోజనాలు మొదలయ్యాయి.

మృదుల క్రెష్ సంగతి ఎవరితోనో చెబుతుంటే, రాజగోపాల్ భార్య చంద్రకళ గరిటె పట్టుకుని ఆగి నవ్వింది. “అదేంటమ్మా, మీ అత్తగారిని పిలిపించుకోరాదూ? డాక్టరువి, రెండు మాత్రలిచ్చి నిలబెట్టుకోలేవూ?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చంద్రకళకి ఆ అత్తగారి పరిస్థితి తెలిసి ఉండదు. మృదుల కూడా నవ్వినట్టు మొహం పెట్టి, “మంచినీళ్ళు తెచ్చుకుంటానండీ, గ్లాసులు ప్రెస్‌లో ఉన్నాయా?” అంటూ వంటింట్లోకి వెళ్ళింది. ఆ దేశంలో ప్రెస్ అని పిలిచే అలమర తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. హాలులో గోడవారగా కూర్చున్న పద్మనాభం గారికి కూతురి వీపు కనిపిస్తోంది. చప్పుడు రాకపోయినా మనిషి ఏడుస్తోందని తండ్రికి వీపు చూసినా తెలుస్తుంది.

అప్పుడే రాజగోపాల్ లేచి నాలుగు మాటలు చెప్పడం మొదలుపెట్టాడు. స్వామి దయవల్ల ఈ ఇల్లు కొన్నామన్నాడు. ధరలు పడిపోయి ఎవరూ కొనని కాలంలో, మన క్రెష్ ఉన్న మూలమీది బిల్డింగును ధైర్యం చేసి తాను కొన్నాననీ, ఇప్పుడు ఎన్నో రెట్లకు అమ్మాననీ చెప్పాడు. చప్పట్లు మోగాయి. వంటింటి గుమ్మంలో మృదుల చేతిలోని గ్లాసు అలాగే ఆగిపోయింది.

“ఇంత కష్టపడి సంపాదిస్తే మూడో వంతు పన్నుకింద కట్టాలి. అందుకే వినతిపత్రం. వచ్చేవారం మన పార్లమెంటు సభ్యుణ్ణి కలిసి ఇస్తున్నాం. ఇంకా ఎవరైనా సంతకం చెయ్యకపోతే ఇప్పుడే చెయ్యండి,” అని, ఆయన పద్మనాభం గారి వైపు తిరిగాడు. “మాస్టారూ, మీరు ఎకనామిక్స్ చెప్పినవారు. పెద్దవారు. పిల్లల్ని ఆశీర్వదించి రెండు మాటలు చెప్పండి.”

పద్మనాభం గారు లేచారు. పక్కనే కూర్చున్న గోపాలరావు, గేటు దగ్గర రోజూ కలిసే తాతగారు, “కానివ్వండి మాస్టారూ, పాఠం మాత్రం పొడుగు చెయ్యకండి, మజ్జిగ ఇంకా రాలేదు,” అన్నాడు. అంతా నవ్వారు. ఆయన నవ్వలేదు.

“రాజగోపాల్ గారూ, మీ ఇంట్లో కడుపునిండా తిని మీకు ఎదురు మాట్లాడటం మర్యాద కాదు. అయినా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఇక్కడున్నవాళ్ళలో, తాము కాపురముంటున్న ఇల్లు కాక ఇంకో ఇల్లు ఉన్నవాళ్ళు ఎంతమంది?”

మూడు నాలుగు చేతులు లేచాయి.

“తక్కిన మీరంతా ఎందుకు సంతకం చేశారు?”

“రేపు మా ఫ్లాటు అమ్మితే పన్ను పడుతుంది కదా అంకుల్,” అన్నాడొక కుర్రాడు.

“పడదు నాయనా. మనిషి తాను ఉంటున్న ఇల్లు అమ్ముకుంటే ఈ పన్నే లేదు. రాజగోపాల్ గారికి తెలుసు. ఏమండీ?”

రాజగోపాల్, “అవును, దానికి లేదు,” అన్నాడు. హాలులో గుసగుసలు లేచాయి. రేవంత్ తల వంచుకున్నాడు.

“చూశారా. మీ మీద లేని పన్నును తగ్గించమని మీరు సంతకాలు పెట్టారు. ఎందుకంటే, ఏనాటికైనా మనమూ ఆయనంతటి వాళ్ళమవుతామని ఆశ. అయితే సంతోషమే. కాని ఇవాళ మీ సంగతేమిటి? నా కూతురు రాత్రంతా వార్డులో నిలబడి పనిచేస్తే, ఆ ఓవర్‌టైమ్‌లో సగం పన్నుకి పోతుంది. అది ఆమె ఎన్నడూ తప్పనలేదు. నిద్రపోతున్నప్పుడు కూడా దానంతటది పెరిగిన ధర మీద మూడో వంతు పన్నంటే మాత్రం మనకి అన్యాయంగా కనిపిస్తోంది. ఏది కష్టం, ఏది కాదు?”

“మాస్టారూ, ఆగండి,” అన్నాడు రాజగోపాల్. ఆయన మొహం ఎర్రబడింది. “అప్పు చేసింది నేను. మునిగితే మునిగేది నేను. ఊరికే వచ్చిందా? అయినా గవర్నమెంటుకి కడితే ఆ డబ్బు ఎటుపోతుందో మీకు తెలుసా, నాకు తెలుసా?”

“ధైర్యం మీదే. దానికి మీ వాటా మీకు మిగిలింది, ఎవరూ కాదనలేదు. కాని ఆ గోడలకి విలువ ఎలా పెరిగింది? మీరు ఇటుకలు మార్చలేదు. చుట్టూ ట్రాము వచ్చింది, రోడ్లు వచ్చాయి, బడి వచ్చింది. ఈ కుర్రాళ్ళంతా వచ్చి కాపురాలు పెట్టారు. పిల్లల్ని కన్నారు. ఇక్కడ పిల్లల్ని చూసే చోటుంది అని ఇంకా కొందరు వచ్చారు. ఆ విలువ పెంచింది వీళ్ళు. అది పెరిగినందుకే వీళ్ళ పిల్లల్ని అక్కణ్ణుంచి పంపేశారు. మా అమ్మాయికి వచ్చిన సీటు రేపు పోతోంది. పిల్లలకి జబ్బు చేస్తే చూసే డాక్టరు, తన పిల్లని చూసేవాళ్ళు లేక ఇంట్లో కూర్చోబోతోంది.”

ఆయన గొంతు పెరిగింది. ఆ హాలులో ఎవరూ ఆయన కోపం అంతవరకు చూడలేదు. ఆయన కూడా చూసి ఎరగరు.

“డబ్బు ఎటుపోతోందో తెలియదన్నారు. అయితే అది అడగండి. తగ్గించమని అడక్కండి. ఈ పన్నును అలాగే ఉంచి, దాన్ని నేరుగా క్రెష్‌లకీ, బడులకీ, అక్కడ పనిచేసే ఆడపిల్లల జీతాలకీ పెట్టమని అడగండి. ఇన్నాళ్ళూ మనం ఏం చేశాం? మన తల్లుల్ని వంతులవారీగా విమానాలెక్కించి, వాళ్ళ మోకాళ్ళ మీద ఈ లోటు పూడ్చాం. నూలా మీటింగ్ పెడితే ఒక్కరమూ వెళ్ళలేదు, ఇంట్లో అమ్మమ్మ ఉందని. ఆ అమ్మమ్మ మంచం పట్టిన రోజున ఏం చేస్తారు? రెండు మాత్రలిచ్చి నిలబెడతారా?”

చంద్రకళ గరిటె కింద పెట్టేసింది. పద్మనాభం గారు కూర్చున్నారు. రాజగోపాల్, “మీరు పెద్దవారు, ఏమన్నా పడతాం,” అని పొడిగా అని తాంబూలాల పళ్ళెం అందుకున్నాడు. గోపాలరావు పద్మనాభం గారి చెవిలో, “మాస్టారూ, అందరికీ రిటర్న్ గిఫ్టు ఇస్తున్నారు, మీ వంతు మాత్రం అనుమానమే,” అన్నాడు. అని తన ఫోను తీసి, “మా అబ్బాయి నా పేరు కూడా పెట్టినట్టున్నాడు. అది ఎలా తీసేస్తారో కాస్త చూపిస్తారా?” అని అడిగాడు. అతనిలా అడిగినవాళ్ళు ఆ సాయంత్రం కొందరున్నారు. అడగనివాళ్ళు చాలామందే ఉన్నారు.

ఇంటికి నడిచి వెళ్తుంటే శ్రీలేఖ తాత చెయ్యి పట్టుకుని, “తాతా, వై వర్ యూ షౌటింగ్?” అంది. ఆయనకి జవాబు దొరికేలోగా రేవంత్ పిల్లని ఎత్తుకున్నాడు. నాలుగడుగులు వేశాక మృదులతో అన్నాడు: “నువ్వు సీటు ఖాయం చెయ్యి. లీవు నేను పెడత. జీతం ఉండదు, ఏదో గడుపుకుందాం. మేనేజరు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ.”

“నిజంగానేనా?”

“ఇన్నొద్దులు నేనడగలె, నువ్వు చెప్పలె. మామయ్య అరిస్తె సమజైంది.”

మృదుల సోమవారం ఖాయం చేసింది. కాని ఇది సుఖాంతం కాదని పాఠకులు గ్రహించాలి. రేవంత్ లీవు నాలుగైదు నెలలకంటే నడవదు. నడిచినా, ఆ అవకాశం ఉన్న ఉద్యోగం అతనిది. హోటల్లో గిన్నెలు కడిగే తండ్రికి, టాక్సీ తోలే తల్లికి ఆ దారి కూడా లేదు. నూలా క్రెష్ అనుకున్న రోజునే మూతపడింది. చిన్న కుర్చీలు వ్యానుకెక్కిస్తుంటే పద్మనాభం గారూ ఒక చెయ్యి వేశారు. నూలా దగ్గర పదేళ్ళు పనిచేసిన ఆయా ఆ మర్నాడే ఒక గిడ్డంగిలో పనికి కుదిరింది.

ఆయన విమానం ఎక్కడానికి రెండు రోజుల ముందు, నూలా ముందు నడవగా, మృదులా, మరికొందరు తల్లిదండ్రులూ, గేటు దగ్గరి తాతలూ కలిసి ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడి ఆఫీసుకి వెళ్ళారు. చిన్న గది. కుర్చీలు చాలక తాతలు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆ సభ్యుడు మంచిగానే పలకరించాడు. విషయం విన్నాక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మీవాళ్ళే నెల కిందట వచ్చి ఈ పన్ను తగ్గించమన్నారు, మీరు వద్దంటున్నారు, ఇన్నేళ్ళలో పన్ను తగ్గించకండి అని అడగడానికి వచ్చినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను అన్నాడు. ఆ మాటలో కొంచెం ఎగతాళి ఉంది.

మృదుల తండ్రి వైపు చూసింది. ఆయన మాట్లాడతారేమోనని అందరూ ఎదురుచూశారు. ఆయన కూతురికే తల ఊపారు.

“తగ్గించకండి అని మాత్రమే కాదు సార్,” అంది మృదుల. “మాకు లెక్క కావాలి. ఒక వీధి విలువ పెరిగితే అందులో ఆ వీధి పిల్లలకి ఎంత వచ్చిందో మీరు మాకు చెప్పగలగాలి. మేమంతా కలిసి పెంచిన దాన్ని ఒకరు అమ్ముకుని వెళ్ళిపోతే, మా పిల్లల్ని చూసే భారం మా తల్లుల మోకాళ్ళ మీద, మా ఉద్యోగాల మీద పడుతోంది. లాభం చేరిన చోటునుంచే పిల్లల ఖర్చు రావాలి. దాన్ని మేము దయగా అడగడం లేదు. అది వాళ్ళ వాటా.”